పచ్చిక కోసం వచ్చిన మనిషి: గిప్స్‌లాండ్‌లో ఆంగస్ మెక్‌మిలన్

మెల్‌బోర్న్ నుంచి ప్రిన్సెస్ హైవే మీద తూర్పు ముఖంగా సాగిపోతే సేల్, స్ట్రాట్‌ఫర్డ్, బేర్న్స్‌డేల్ ఊళ్ళు దాటి, మూడు వందల పైచిలుకు కిలోమీటర్ల తరువాత లేక్స్ ఎంట్రన్స్ అనే తీర పట్టణం వస్తుంది. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవులు కలిసొచ్చినప్పుడు పిల్లలతో బయలుదేరే చోట్లలో అదీ ఒకటి. ఆ చుట్టుపక్కల ప్రాంతమంతటినీ గిప్స్‌లాండ్ అంటారు. రాళ్ళు పేర్చి, సిమెంటుతో అతికి, మీద ఒక ఫలకం బిగించిన స్మారక స్తంభాలు ఈ ప్రాంతంలో అక్కడక్కడ కనిపిస్తాయి. 1927లో వరుసగా వెలసిన ఆ కట్టడాలు ఆంగస్ మెక్‌మిలన్ అనే స్కాట్లండ్ మనిషి నడిచిన దారిని గుర్తు చేస్తాయి. గిప్స్‌లాండ్‌ను కనుగొన్నవాడు ఆయనేనని అక్కడి బడి పిల్లలు చాలాకాలం చదువుకున్నారు.

అదే మనిషి పేరు ఆస్ట్రేలియా చరిత్రలో మరో చోట కూడా వస్తుంది. 1840లలో గిప్స్‌లాండ్‌లో గునైకుర్నై ప్రజల మీద జరిగిన హత్యాకాండల గురించి మాట్లాడే ప్రతిసారీ ఆయన ప్రస్తావన తప్పదు. ఇంకొంచెం ముందుకు వెళితే మూడో మెక్‌మిలన్ కూడా కనబడతాడు: మిగిలిన గునైకుర్నై వారికి తిండి, దుప్పట్లు పంచిపెట్టిన ఆదివాసుల సంరక్షకుడు. ఈ ముగ్గురూ ఒకరే కావడం ఎలా సాధ్యమని అడిగి, మనిషి స్వభావంలోని వైరుధ్యాల మీదకు చర్చను మళ్ళించడం రివాజు అయింది. ఆ దారి మనల్ని ఎక్కువ దూరం తీసుకుపోదని నా అభిప్రాయం. ఆయన మనసు కన్నా ఆయన చేస్తున్న ఉద్యోగం, ఆ ఉద్యోగానికి కావలసిన పచ్చిక, ఆ పచ్చిక చుట్టూ ఉన్న చట్టం, చట్టం అందని దూరం, వీటిని ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే చిక్కుముడి చాలావరకు వీడిపోతుంది.

మొదట ఆయన పుట్టుక సంగతి. మెక్‌మిలన్ 1810 ఆగస్టులో స్కాట్లండ్ పడమటి తీరాన ఉన్న స్కై ద్వీపంలో, గ్లెన్‌బ్రిటిల్ అనే లోయలో పుట్టాడు. ఇంటి భాష గేలిక్. ఎక్కువ మంది కొడుకులున్న ఇంట్లో నాలుగోవాడు. అవి ఉత్తర స్కాట్లండ్ కొండ ప్రాంతాలు, దీవులు తలకిందులైపోతున్న రోజులు. తరతరాలుగా చిన్న చిన్న కమతాలు చేసుకుంటున్న కౌలు రైతులను జమీందార్లు ఖాళీ చేయించి, ఆ భూములను పెద్ద పెద్ద గొర్రెల మందలకు అప్పగించారు. సముద్రపు నాచును కాల్చి బూడిద అమ్ముకునే వ్యాపారం నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ధర పడిపోయి కుప్పకూలింది. దానికి తోడు 1836–37లో పంటలు పోయి కరవు వచ్చింది. వేల మంది కెనడాకు, ఆస్ట్రేలియాకు ఓడలెక్కారు.

ఇంతవరకు విన్నవారికి ఒక కథ సిద్ధంగా దొరుకుతుంది: భూమి పోగొట్టుకున్నవాడు దూరదేశం పోయి మరొకరి భూమి లాక్కున్నాడు అని. వినడానికి బాగానే ఉన్న ఈ కథ మెక్‌మిలన్ విషయంలో సగమే నిజం. ఆయన కొంప కూల్చివేయబడి వీధిన పడ్డ కౌలు రైతు కాడు. జమీందారుకూ చిన్న రైతుకూ నడుమ ఉండే పెద్ద కౌలుదార్ల వర్గానికి దగ్గరివాడు. చదువుకున్నవాడు, దైవభక్తి గలవాడు, ప్రయాణంలో దినచర్య రాసుకునే అలవాటున్నవాడు. 1837లో మినర్వా అనే ఓడ ఎక్కినప్పుడు ఆయన చేతిలో సిఫారసు ఉత్తరం ఉంది. ఆ ఉత్తరం న్యూ సౌత్ వేల్స్‌లో అప్పటికే భూములు, మందలు సంపాదించిన లాక్లన్ మెకాలిస్టర్ అనే మాజీ సైనికాధికారికి. ఆయనా స్కాట్లండ్ కొండ ప్రాంతం వాడే. ఆస్తిలో వాటా రాని కొడుకులు, కాస్తో కూస్తో చదువు, సీమలో బంధుబలగం ఉన్న ఒక పెద్దమనిషి ఆసరా: వలస రాజ్యాలకు పెత్తనందార్లను సరఫరా చేసిన వర్గం ఇది. మన వైపు చూసినా ఈ వర్గం పరిచయమే. స్కై ద్వీపానికి ఉత్తరాన ఉన్న లూయిస్ దీవి నుంచి వచ్చిన కాలిన్ మెకంజీ మన కైఫీయతులు సేకరించాడు. గ్లాస్గోలో పుట్టిన థామస్ మన్రో దత్తమండలాలకు కలెక్టరయ్యాడు. ఒకరికి సర్వే గొలుసు, ఒకరికి శిస్తు లెక్కలు, మెక్‌మిలన్‌కు పశువుల మంద దక్కాయి. పని వేరు, వచ్చిన తోవ ఒకటే.

1838 జనవరిలో సిడ్నీ చేరిన మెక్‌మిలన్ మెకాలిస్టర్ దగ్గర కొలువులో కుదిరాడు. ఏడాది తరువాత, దక్షిణాన మనారో పీఠభూమిలో ఉన్న ఆయన పశువుల స్థావరానికి పెత్తనదారుగా వెళ్ళాడు. అప్పటి న్యూ సౌత్ వేల్స్‌లో భూమి వ్యవహారం ఎలా ఉండేదో తెలియకపోతే తరువాతి కథ అర్థం కాదు. 1829 నాటికి ప్రభుత్వం పందొమ్మిది కౌంటీల హద్దులు గీసి, వాటి లోపలే భూమి అమ్మకాలు, స్థిరనివాసం అని నిర్ణయించింది. మందలు ఉన్నవారు ఆ గీతను పట్టించుకోలేదు. గీత దాటి, పచ్చిక ఉన్న చోటల్లా గుడిసె వేసి, పశువులను వదిలారు. వీరికే స్క్వాటర్లు అని పేరు. ఆపలేనని గ్రహించిన ప్రభుత్వం 1836లో రాజీ పడి, ఏడాదికి పది పౌన్లు కట్టిన వారికి గీతకు అవతల మేపుకునే లైసెన్సు ఇచ్చింది. పది పౌన్లకు ఎంత భూమి అన్నది ఎక్కడా లేదు. ఎవరు ముందు చేరితే వారిది, ఎంత దూరం మంద పరుచుకుంటే అంత దూరం వారిది. అక్కడ అప్పటికే నివసిస్తున్న జనం అనుమతి తీసుకోవాలన్న ఆలోచన లైసెన్సులో ఎక్కడా లేదు. మన రెవెన్యూ దస్తాల్లో బంజరు అన్న ఒక్క మాటతో ఎన్ని ఊళ్ళ పశువుల మేత, ఎన్ని గూడేల అటవీ ఫలసాయం మాయమైపోయాయో తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. తేడా ఏమిటంటే, ఇక్కడ శిస్తు కట్టే రైతు కావాలి కాబట్టి జనాన్ని ఉంచారు. అక్కడ కావలసింది గడ్డి మాత్రమే.

1837 నుంచి మూడేళ్ళ పాటు న్యూ సౌత్ వేల్స్‌లో అనావృష్టి. మనారోలో గడ్డి ఎండింది, మందలు బక్కచిక్కాయి. దక్షిణాన కొండలు దాటితే సముద్రం వైపు పెద్ద మైదానాలు, సరస్సులు ఉన్నాయని మనారో ఆదివాసులు చెప్పేవారు. ఇలాంటి సమయంలో, 1839 మే 28న, జిమ్మీ గిబ్బర్ అనే మనారో మనిషిని వెంట తీసుకుని మెక్‌మిలన్ గుర్రం మీద బయలుదేరాడు. అన్వేషకుడు దారి కనిపెట్టాక వలసదారు వస్తాడు అన్నది పాఠ్యపుస్తకాల వరస. ఇక్కడ అన్వేషకుడే జీతానికి పనిచేసే పెత్తనదారు, ఆయన వెతుకుతున్నది యజమాని మందకు మేత. కొన్ని రోజుల తరువాత ఒక శిఖరం ఎక్కి చూస్తే దూరాన సరస్సుల మెరుపు, వాటి వెనుక సముద్రం కనబడ్డాయి. తాను చూసిన దేశాలన్నిటిలో స్కాట్లండ్‌ను అంతగా తలపించినది మరొకటి లేదని, అందుకే అక్కడికక్కడే దానికి కాలెడోనియా ఆస్ట్రాలిస్, అంటే దక్షిణ స్కాట్లండ్ అని పేరు పెట్టానని ఆయన తరువాత రాశాడు. జిమ్మీ గిబ్బర్ మాత్రం ముందుకు రానన్నాడు. కింద ఉండేవారు తన వారికి పాతకాలపు శత్రువులు. ఒక రాత్రి అతడు దుడ్డుకర్ర ఎత్తి తన మీదికి వచ్చాడని, పిస్తోలు చూపి ఆపానని మెక్‌మిలన్ కథనం. జిమ్మీ కథనం ఎవరూ రాసుకోలేదు.

ఆ మైదానాలు ఎవరివి అన్న ప్రశ్నకు వద్దాం. గునైకుర్నై అనేది అయిదు వంశాల కూటమి: బ్రతావలంగ్, బ్రయకావలంగ్, బ్రబ్రలంగ్, తతుంగలంగ్, క్రవతుంగలంగ్. కుర్నై అంటే మనిషి అనే అర్థం. సరస్సుల మీద చెట్టు బెరడుతో చేసిన పడవల్లో తిరుగుతూ చేపలు, ఈల్ చేపలు, హంస గుడ్లు, దుంపలు, కంగారూ మాంసం మీద బతికేవారు. స్కాట్లండ్ జమీందారు తోటలా ఉందని వచ్చినవారు ముచ్చటపడిన ఆ విశాలమైన పచ్చిక, అక్కడక్కడ మాత్రమే చెట్లున్న ఆ మైదానం, దానంతటది అలా ఏర్పడినది కాదు. ఏ గడ్డి ఎప్పుడు తగలబెడితే లేత చిగురు వచ్చి కంగారూలు చేరతాయో తెలిసిన జనం తరతరాలుగా నిప్పుతో సాగు చేసిన నేల అది.

ఎన్ని తరాలు అన్నదానికి ఒక సాక్ష్యం ఈ మధ్యనే బయటపడింది. బుకన్ దగ్గర క్లాగ్స్ గుహ ఉంది. అక్కడ గునైకుర్నై పెద్దల ఆహ్వానం మీద, వారితో కలిసి పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వితే అరచేతి వెడల్పున్న చిన్న పొయ్యిలు రెండు దొరికాయి. ఒక్కొక్క దాంట్లో సరుగుడు జాతి చెట్టు పుల్ల ఒకటి, చివర కొంచెం మాత్రమే కాలి, కొవ్వు పూసి ఉంది. వంటకు వేసిన నిప్పు అంత చిన్నదిగా ఉండదు. వాటి వయసు సుమారు 11,000, 12,000 ఏళ్ళు. ఆల్‌ఫ్రెడ్ హౌవిట్ అనే అధికారి 19వ శతాబ్దంలో గునైకుర్నై మంత్రవైద్యుల గురించి రాసుకున్న వివరాల్లో, సరుగుడు పుల్లకు కొవ్వు పూసి నిప్పు దగ్గర గుచ్చి మంత్రం చదివే తంతు ఉంది. 2024లో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఒకే తంతు అయిదు వందల తరాల పాటు చేతులు మారుతూ వచ్చిందని తేలింది. మెక్‌మిలన్ కనుగొన్నాడని రాతి మీద చెక్కినది ఈ దేశాన్నే.

కనుగొన్న ఘనత విషయంలో తెల్లవారి మధ్య కూడా తగవు నడిచింది. 1840 జనవరిలో రెండోసారి దిగి వచ్చిన మెక్‌మిలన్ నికల్సన్, మిచెల్, ఏవన్, మెకాలిస్టర్ అంటూ నదులకు పేర్లు పెట్టుకుంటూ వెళ్ళాడు. ఆఖరిది యజమాని పేరేనని వేరే చెప్పక్కరలేదు. ఆయన వెనుకనే, కొంతవరకు ఆయన గుర్రాల జాడ పట్టుకునే, పోలండ్ నుంచి వచ్చిన పాల్ స్ట్రెజ్‌లెకీ బృందం అదే మైదానం దాటి, పడమటి కొండల దట్టమైన అడవిలో ఇరుక్కుంది. గుర్రాలను వదిలేసి, చార్లీ టారా అనే ఆదివాసి వేటాడి తెచ్చిన కోలాల మాంసం తిని ప్రాణాలు దక్కించుకుని బయటపడింది. స్ట్రెజ్‌లెకీ నివేదిక ముందుగా పత్రికల్లో పడింది. గవర్నర్ జార్జ్ గిప్స్ పేరు మీద ఆయన పెట్టిన గిప్స్‌లాండ్ నిలిచింది, కాలెడోనియా ఆస్ట్రాలిస్ చెరిగిపోయింది. 1841 ఫిబ్రవరి 14న మెక్‌మిలన్ సముద్ర తీరానికి దారి తీసి పోర్ట్ ఆల్బర్ట్ రేవును చేరుకున్నాడు. వ్యాపార దృష్టిలో అసలైన ఘట్టం ఇది. అక్కడి నుంచి పశువులను ఓడలెక్కించి నేటి టాస్మేనియాకు అమ్ముకోవచ్చు. రేవు తెరుచుకోగానే గడ్డి విలువ అమాంతం పెరిగింది, మందలు వెల్లువెత్తాయి. కొత్తగా వచ్చిన పెద్ద పెద్ద స్థావరాల యజమానులు, కాపరులలో స్కాట్లండ్ కొండ ప్రాంతం వారు ఎక్కువ. ఏవన్ నది ఒడ్డున బుషీ పార్క్ అనే స్థావరం మెక్‌మిలన్ సొంతమైంది.

గునైకుర్నై వారు చూస్తూ ఊరుకోలేదు. పశువులు నీటి మడుగులను తొక్కి, దుంపలు మొలిచే నేలను గట్టిపరిచి, కంగారూలను చెదరగొడుతుంటే, వారు పశువులను ఈటెలతో పొడిచి చంపారు, మందలను తరిమారు, స్థావరాల మీద దాడి చేశారు. 1840 చివర ఏవన్ ఒడ్డున మెక్‌మిలన్ స్థావరం మీద పడి ఆయన మనుషులను వెనక్కి తరిమారు. ఆయన మరింత మందితో తిరిగివచ్చి, పశువులను తోలుకుపోయిన వారిని వెంటాడి, నదీముఖం దగ్గర కాల్పులు జరిపాడు. ఆ చోటును తరువాత బోనీ పాయింట్, అంటే ఎముకల మూల అని పిలవసాగారు. పటం మీద ఆ పేరు ఇప్పటికీ ఉంది.

అన్నిటికన్నా ఘోరం 1843 జులైలో జరిగింది. లాక్లన్ మెకాలిస్టర్ సోదరుడి కొడుకు రోనల్డ్ మెకాలిస్టర్‌ను పోర్ట్ ఆల్బర్ట్ దగ్గర గునైకుర్నై వారు చంపారు. గుర్రం, తుపాకి ఉన్న వలసదారులంతా ఒక దండుగా కూడారు. అందరూ కొండ ప్రాంతం స్కాట్లండ్ వారు కావడంతో తరువాతి కథనాల్లో దానికి హైలాండ్ బ్రిగేడ్ అనే పేరు నిలిచింది. వారిగల్ క్రీక్ అనే వాగు దగ్గర, మడుగు ఒడ్డున బస చేసి ఉన్న బ్రతావలంగ్ వంశం వారిని ఆ దండు చుట్టుముట్టింది. 1925లో ఒక బడి పత్రికలో అచ్చయిన పాత జ్ఞాపకం ప్రకారం, కొందరు పొదల్లోకి పారిపోగా మిగిలినవారు మడుగులోకి దూకారు. ఊపిరి కోసం తల పైకెత్తిన వారిని ఎత్తినట్టే కాల్చారు. మడుగు ఎర్రబడేదాకా కాల్చారు. కంటికి గాయమైన ఒక కుర్రవాడిని పట్టుకుని, మిగతా వారి బసలు చూపించమని వెంట తిప్పుకున్నారు. చనిపోయినవారి సంఖ్యను చరిత్రకారులు 60 నుంచి 150 దాకా లెక్కకట్టారు.

ఈ దండుకు మెక్‌మిలన్ నాయకత్వం వహించాడా అన్న చోట వాదం ఇంకా ఆగలేదు. ఆయన సంతకంతో ఏ కాగితమూ లేదు, ఏ కోర్టులోనూ ఎవరూ సాక్ష్యం చెప్పలేదు. చనిపోయినవాడు ఆయన యజమాని బంధువు. ఆ జిల్లాలో దండు కూడగట్టగల పలుకుబడి, దారుల ఎరుక ఉన్న మొదటి మనిషి ఆయనే. చరిత్రకారులలో ఎక్కువమంది ఈ ఆధారాల మీదే ఆయనను ముందు వరుసలో నిలబెట్టారు. ఆయనను సమర్థించేవారు కాగితం చూపండి అంటారు. కాగితం ఎందుకు లేదన్నది వారు అడగరు. అడిగితే జవాబు దొరుకుతుంది.

1838లో, మెక్‌మిలన్ దిగిన సంవత్సరమే, న్యూ సౌత్ వేల్స్ ఉత్తర భాగంలో మయాల్ క్రీక్ దగ్గర కాపరులు ముప్ఫై మంది దాకా ఆదివాసులను నరికి చంపారు. స్థావరం పర్యవేక్షకుడు ఒకడు ఆ సంగతి పైకి రాశాడు. విచారణ జరిగి, ఆ ఏడాది డిసెంబరులో ఏడుగురు తెల్లవారిని ఉరితీశారు. ఆదివాసుల్ని చంపినందుకు తెల్లవాడికి ఉరి పడడం వలసదారులను నిర్ఘాంతపరిచింది. వారు దాని నుంచి నేర్చుకున్న పాఠం చంపకూడదని కాదు, చెప్పకూడదని. ఇక బతికి బయటపడిన ఆదివాసి సాక్ష్యం చెప్పే వీలే లేదు: బైబిలు మీద ప్రమాణానికి అర్హత లేనివాడి మాట అక్కడి కోర్టుల్లో చెల్లదు. గిప్స్‌లాండ్‌కు మొదటి భూముల కమిషనర్ చార్లెస్ టయర్స్ వచ్చి చేరినదే 1844 జనవరిలో. అంటే మందలు దిగిన మూడేళ్ళకు పైగా అక్కడ ప్రభుత్వం అనే వాసనే లేదు. హెన్రీ మెరిక్ అనే ఇంగ్లండ్ యువకుడు కొంతకాలం గిప్స్‌లాండ్‌లో మంద మేపాడు. 1846లో ఇంటికి రాసిన ఉత్తరంలో, ఆడ మగ పిల్ల తేడా లేకుండా కనబడ్డ చోటల్లా వీరిని కాల్చేస్తున్నారని, అడవి మృగాన్ని కూడా ఇంత పట్టు విడవకుండా వేటాడి ఉండరని, మొత్తం మీద 450 మందికి తక్కువ కాకుండా చంపి ఉంటారని రాశాడు. ఉరిశిక్ష తప్పదు కాబట్టి ఈ సంగతులు చాలా గుట్టుగా ఉంచుతున్నారని కూడా అదే ఉత్తరంలో ఉంది. కాగితం లేకపోవడం ఏమీ జరగలేదనడానికి రుజువు కాదని చెప్పడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

వారిగల్ క్రీక్ గురించి నోరు కదపని సమాజమే, అదే కాలంలో, మరో విషయం గురించి ఏడేళ్ళపాటు గగ్గోలు పెట్టింది. దాని మొదలు కూడా మెక్‌మిలన్ దగ్గరే ఉంది. 1840 నవంబరులో ఆయన బృందం ఒక ఆదివాసుల బస మీదికి వెళ్ళేసరికి వారు పారిపోయారు. అక్కడ దొరికిన వస్తువుల జాబితాతో ఆయన రాసిన ఉత్తరం డిసెంబరులో సిడ్నీ హెరాల్డ్ పత్రికలో వచ్చింది. గళ్ళ చొక్కాలు, దుప్పట్లు, సూదులు, కుట్టుపనిలో వేలికి తొడుక్కునే అంగుళీత్రాణాలు, పిల్లల రాత పుస్తకాలు, 1838లో ఎడిన్‌బరోలో అచ్చయిన ఒక బైబిలు. కంగారూ తోలు సంచిలో రెండేళ్ళ పసివాడి శవం. ఆ బిడ్డ తల్లిదండ్రులు యూరప్ వారేనని వెంట ఉన్న డాక్టరు ఆర్‌బకల్ తేల్చాడు. పారిపోతున్న గుంపులో ఒక స్త్రీ మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసిందని, ఆమె తెల్ల స్త్రీ అయి ఉంటుందని మెక్‌మిలన్ అనుమానం. ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకువచ్చిన సామాను ఏరుకుని ఉంటే కూడా ఆ జాబితా అంతా సరిపోతుంది. మెల్‌బోర్న్ మాత్రం అలా ఆలోచించలేదు.

1846లో పౌరులు చందాలు వేసుకుని ఒక సాయుధ బృందాన్ని పంపారు. బందీగా ఉన్న ఆమె కళ్ళబడేలా చెట్లకు కట్టమని, సందేశం అచ్చువేసిన చేతిరుమాళ్ళు ఇచ్చి పంపారు. ఆమె స్కాట్లండ్ స్త్రీ అయి ఉండవచ్చునని సందేశం ఇంగ్లీషులోనూ, గేలిక్‌లోనూ ఉంది. తెల్ల స్త్రీని అప్పగించమని గునైకుర్నై వారిని నిలదీస్తే, వారు చివరకు తమ దగ్గర ఉన్నదాన్ని తెచ్చి ఇచ్చారు: ఓడ ముక్కుకు బిగించే బ్రిటానియా దేవత కొయ్య బొమ్మ. అంతటితో ఊరుకున్నారా అంటే లేదు. మరుసటి ఏడు ప్రభుత్వమే మరో బృందాన్ని పంపింది. బంగలీన్ అనే పెద్దను, ఆయన భార్యాబిడ్డలను పట్టి మెల్‌బోర్న్ వైపు తరలించి నిర్బంధంలో ఉంచారు. ఆయన 1848లో ఆ పరదేశంలోనే చనిపోయాడు. ఉందో లేదో తెలియని ఒక స్త్రీ కోసం తిరిగిన తుపాకుల వల్ల నిజంగా ఉన్నవారు ఎంతమంది పోయారో ఆ చందాల లెక్కల్లో ఉండదు.

1839 నాటికి గునైకుర్నై జనాభా రెండు వేలకు అటూ ఇటూ ఉండి ఉంటుందని అంచనా. 1850ల నడిమికి అది 130 లోపుకు పడిపోయింది. ఈ పతనమంతా తుపాకి వల్లే అనడం సరికాదు. ఫ్లూ, సుఖరోగాలు వ్యాపించాయి. తిండి దొరికే చోట్లన్నీ మందల పాలయ్యాయి. తెల్ల అధికారి కింద ఇతర తెగల వారితో ఏర్పడిన నేటివ్ పోలీసు దళం పాత పగలకు కొత్త తుపాకులు అందించింది. తిండి లేక చెదిరిన గుంపు రోగానికి త్వరగా లొంగుతుంది, కాల్పుల నుంచి పారిపోయే గుంపు తిండి సమకూర్చుకోలేదు. ఒక కారణం నుంచి మరొకదాన్ని విడదీసి, ఇంత శాతం దీనివల్ల అని పంచిపెట్టడం కుదరని పని.

ఇలా ఖాళీ అయిన నేల మీద మెక్‌మిలన్ పెద్దమనిషి అయ్యాడు. బుషీ పార్క్ ఆతిథ్యానికి పేరుపొందింది. దారిన పోయే ప్రతి స్కాట్లండ్ వాడికీ అక్కడ భోజనం, పడక దొరికేవి. 1857లో క్రిస్టీనా మెక్‌డూగల్‌ను పెళ్ళాడాడు, ఇద్దరు కొడుకులు పుట్టారు. 1859లో దక్షిణ గిప్స్‌లాండ్ నుంచి విక్టోరియా శాసనసభకు ఎన్నికై ఏడాది పాటు ఉన్నాడు. 1860లలో ఆదివాసుల సంరక్షణ కోసం ప్రభుత్వం బోర్డు ఏర్పరచినప్పుడు, ఆ జిల్లాకు గౌరవ సంరక్షకుడు ఆయనే. రేషను, దుప్పట్లు ఆయన చేతుల మీదుగా వెళ్ళేవి. దీన్ని పశ్చాత్తాపం అన్నవారున్నారు. నాకు అలా అనిపించదు. పశ్చాత్తాపం ఉంటే ఎక్కడో ఒక మాట మిగిలి ఉండేది. 1853లో గవర్నర్ లా ట్రోబ్ తొలి వలసదారులందరినీ జ్ఞాపకాలు రాసి పంపమని కోరితే, మెక్‌మిలన్ రాసిన దాంట్లో కొండలు, నదులు, పచ్చిక, రేవు దారి అన్నీ ఉన్నాయి. మడుగు లేదు. పోరు ముగిసి, మంద నిలదొక్కుకుని, ఎదురు తిరిగేవారు ఎవరూ మిగలని రోజున దయ చూపడానికి మనసు మారనక్కరలేదు. పచ్చిక కోసం పోటీ లేకపోతే చాలు.

ఆ పచ్చిక కూడా ఆయనకు దక్కలేదు. అప్పులు పెరిగి 1860ల మొదట్లో బుషీ పార్క్ చేజారింది. పూర్వం తాను పేర్లు పెట్టిన కొండల్లోకే ప్రభుత్వ జీతం మీద మళ్ళీ వెళ్ళాడు. ఓమియో వైపు నుంచి వుడ్స్ పాయింట్ వైపు ఉన్న బంగారు గనులను కలుపుతూ బాట కొట్టించే పని అది. సరుకు మోసే గుర్రం ఒకటి జారి ఆయన మీద పడింది. గాయాలతో ఊరు చేరే దారిలో, ఇగ్వానా క్రీక్ దగ్గర ఒక పూటకూటి ఇంట్లో, 1865 మే 18న కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 54. సేల్‌లో సమాధి చేశారు.

మిగిలిన గునైకుర్నై వారిని రామయుక్, లేక్ టయర్స్ అనే రెండు క్రైస్తవ మిషన్ల దగ్గరకు చేర్చారు. 1970లో వచ్చిన చట్టం ద్వారా లేక్ టయర్స్ భూమి అక్కడి నివాసుల చేతికే వచ్చింది. 2010 అక్టోబరు 22న ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు, ఈ ప్రాంతపు ప్రభుత్వ భూముల మీద గునైకుర్నై ప్రజలకు సంప్రదాయ హక్కు ఉందని ప్రకటించింది. అదే రోజుల్లో విక్టోరియా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం వల్ల పది ఉద్యానవనాలు, రక్షిత ప్రాంతాల నిర్వహణలో వారికి భాగం దక్కింది. క్లాగ్స్ గుహ తవ్వకం వారి ఆహ్వానం మీద జరగడం వెనుక ఈ హక్కుల కథ ఉంది.

పేర్ల తగవు మాత్రం తెగలేదు. 1949 నుంచి మెక్‌మిలన్ పేరు మీదున్న పార్లమెంటు నియోజకవర్గం 2019 ఎన్నికల నాటికి మొనాష్‌గా మారింది. 2020లో స్మారక స్తంభాలను తొలగించాలన్న ప్రతిపాదన అక్కడి స్థానిక పాలక సంస్థ వెలింగ్టన్ షైర్ కౌన్సిల్ ముందుకు వచ్చినప్పుడు, తొలగించకూడదనే నిర్ణయమే గెలిచింది. నదుల పేర్లను మార్చాలని గట్టిగా అడిగినవారు తక్కువ. మెకాలిస్టర్ నది మీద ఇప్పుడొక ఆనకట్ట, దాని కింద పాడి రైతుల పచ్చిక బయళ్ళు ఉన్నాయి. వారిగల్ క్రీక్ మడుగు సంగతి వేరు. అది వుడ్‌సైడ్ దగ్గర ఒక ప్రైవేటు పొలంలో ఉంది, చుట్టూ గొర్రెలు మేస్తుంటాయి. తమ పూర్వీకుల కోసం అక్కడికి వెళ్ళాలనుకున్న గునైకుర్నై కుటుంబం ముందుగా ఆ పొలం యజమానిని అడగాలి.